ఇంగ్లిష్ స్పెల్లింగులు మార్చాలా, మనం మార్కులేసే పద్ధతి మార్చాలా?

పరకాల_టీచర్

అందరికీ నమస్కారం. పరకాల దగ్గర ఒక సర్కారు బడిలో సైన్సు చెప్తాను. 2022–23 నుంచి మన బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది కదా. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు వచ్చాయి. దాంతో పాఠం అర్థం కావడం పెద్ద సమస్య కాలేదు. చిక్కంతా పిల్లలు రాసేటప్పుడే వస్తోంది.

మొన్న బయటివాళ్లు పెట్టిన ఒక పరీక్షలో మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఫోటోసింథసిస్ గురించి రాసింది. ఎండ కావాలని రాసింది. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్, వేళ్ల నుంచి నీళ్లు వస్తాయని రాసింది. ఆకు పిండిపదార్థం తయారుచేసి ఆక్సిజన్ వదులుతుందని రాసింది. బొమ్మ కూడా వేసి బాణాలు సరిగ్గా గీసింది. కానీ ఆ పేరును మాత్రం ఎఫ్-ఓ-టీ-ఓ-ఎస్-ఐ-ఎన్-టీ-ఇ-ఎస్-ఐ-ఎస్ అని రాసింది. దిద్దినవారు ఆ మాట కనిపించిన ప్రతిచోటా ఎర్ర సున్నా చుట్టి సగం మార్కులు కోసేశారు.

పేపరు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. విన్న ప్రతి ధ్వనికీ ఆ పిల్ల ఒక అక్షరం పెట్టింది, వరుస ఎక్కడా తప్పలేదు. తెలుగు క్లాసులో ఇట్లా రాస్తే శభాష్ అంటాం.

అందుకే అడుగుతున్నాను. పరాయి దేశాల వాళ్లు కోట్ల మంది నేర్చుకుంటున్న ఈ భాష స్పెల్లింగును, గ్రామరును సులువు చేయాలని ఎవరూ ప్రయత్నించలేదా? చేసి ఉంటే ఎందుకు కుదరలేదు? ఇప్పుడైనా కుదురుతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కాజీపేట_జంక్షన్

మంచి ప్రశ్న మేడమ్. బి-యు-టి బట్ అయినప్పుడు పి-యు-టి పుట్ ఎందుకైందని చిన్నప్పుడు అడిగితే దెబ్బలే తప్ప జవాబు రాలేదు. ఎవరైనా చెప్తే వింటాను.

మానేరు_గట్టు

టీచర్ గారూ, మీ విద్యార్థిని రాసిన పన్నెండు అక్షరాలూ స్పానిష్ భాషలో ఆ మాటకున్న స్పెల్లింగే. అక్కడ ఒక ఐ మీద చిన్న గీత ఉంటుంది, తేడా అంతే. మాడ్రిడ్‌లో అయితే ఆ అమ్మాయికి ఫుల్ మార్కులు పడేవి. గ్రీకు నుంచి వచ్చిన మాటలకు స్పానిష్ వాళ్లు, ఇటలీ వాళ్లు తమ నోటికి తగ్గ స్పెల్లింగు పెట్టుకున్నారు. ఇంగ్లిష్ వాళ్లు పి-హెచ్, వై, టీ-హెచ్ అన్నీ అట్లాగే ఉంచుకున్నారు.

నేను కరీంనగర్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఈ విషయం మీద నాకు కోపం చాలా రోజులుగా ఉంది. 1966లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 17,000కు పైగా ఇంగ్లిష్ మాటలు తీసుకుని, ధ్వని నుంచి స్పెల్లింగుకు వెళ్లే నియమాలన్నీ రాసి కంప్యూటర్‌కు ఇచ్చారు. అది తప్పు లేకుండా రాసింది దాదాపు సగం మాటలే. నియమాలన్నీ కంఠతా వచ్చిన యంత్రానికే సగం వస్తే, ఎనిమిదో తరగతి పిల్లను ఏమనగలం?

ఇంకోటి వినండి. 2003లో 13 యూరప్ భాషల పిల్లలను పోల్చి చూశారు. మొదటి ఏడాది చదువు పూర్తయ్యేసరికి ఫిన్లాండ్, ఇటలీ, స్పెయిన్ పిల్లలు తెలిసిన మాటలను దాదాపు అన్నీ తప్పులేకుండా చదివేశారు. ఇంగ్లిష్‌లో చదువుకునే స్కాట్లాండ్ పిల్లలు చదవగలిగింది మూడో వంతు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల సంగతే అది. మన పిల్లలకు ఇంట్లో ఆ భాష వినపడదు కూడా.

టర్కీ 1928లో లిపినే మార్చేసుకుంది. రష్యా 1918లో అక్షరాలు తగ్గించుకుంది. జర్మనీ 1996లో స్పెల్లింగు సవరించుకుంది. ఇంగ్లిష్‌కు మాత్రం ఏమడ్డం?

ఓరుగల్లు_పాతసార్

డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైర్ అయినవాణ్ని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదట ఈ చిక్కు ఎట్లా వచ్చిందో చూద్దాం. 1476లో విలియం కాక్స్‌టన్ లండన్ దగ్గర వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ కాలపు పాత పలుకుబడిలో కత్తి అని అర్థమొచ్చే నైఫ్‌కు ముందున్న కే నోటితో పలికేవారు. నైట్‌లో జీ-హెచ్ కూడా గొంతులోంచి వినపడేది. పేరు అని అర్థమొచ్చే నేమ్‌ను అంతకు కొంచెం ముందు దాకా 'నామ' లాగా పలికేవారు. చివర ఇ అందుకే ఉంది, అది ఒకప్పుడు పలికే అక్షరమే. అచ్చువాళ్లు స్పెల్లింగులు స్థిరపరుస్తున్న ఆ రోజుల్లోనే జనం నోట్లో దీర్ఘాచ్చులు జరిగిపోవడం మొదలైంది. రెండు మూడు వందల ఏళ్లలో పలుకంతా మారింది, కాగితం మీద రూపం మాత్రం పాతదే నిలిచింది. కాజీపేట తమ్ముడు అడిగిన బట్, పుట్ కథ కూడా ఇదే. ఒకప్పుడు రెండింట్లోనూ ఉకారమే ఉండేది. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ దక్షిణాన చాలా మాటల్లో అది అకారం వైపు జరిగింది, పుట్, పుల్, ఫుల్ లాంటి కొన్ని జరగలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఈ రోజుకీ బట్‌ను 'బుట్' అన్నట్టే పలికేవాళ్లున్నారు.

కొన్ని మాటలకు కష్టం పండితులే తెచ్చిపెట్టారు. అప్పు అని అర్థమొచ్చే డెట్ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బీ లేదు. లాటిన్ మూలంలో బీ ఉంది కదా అని చదువుకున్నవాళ్లు తర్వాత దూర్చారు. ఐలాండ్‌లో ఎస్ కూడా అట్లా వచ్చిందే. అసలు ఆ మాటకు లాటిన్‌తో సంబంధమే లేదు. కుడ్‌లో ఎల్ పక్కనున్న వుడ్, షుడ్‌లను చూసి పెట్టింది. మన పిల్లలు ఈ అక్షరాలు మర్చిపోతే 16వ శతాబ్దం ముందు ఇంగ్లండ్ వాళ్లు రాసినట్టే రాస్తున్నారన్నమాట.

ఇక సంస్కరణలు. 1768లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ సి, జె, క్యూ, డబ్ల్యూ, ఎక్స్, వై అక్షరాలు తీసేసి ఆరు కొత్త అక్షరాలు పెడదామన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువుల్లో, 1806లో ఒకటి, 1828లో ఇంకొకటి, కలర్‌లో యు తీసేశాడు, సెంటర్ చివర ఆర్-ఇని ఇ-ఆర్ చేశాడు. అమెరికాలో అవి నిలబడ్డాయి. నాలుక అని అర్థమొచ్చే టంగ్‌ను టీ-యు-ఎన్-జీ అని రాద్దామంటే మాత్రం జనం ఒప్పుకోలేదు. 1906లో ఆండ్రూ కార్నెగీ డబ్బు పెట్టి ఒక స్పెల్లింగు బోర్డు నడిపించాడు. వాళ్లు 300 మాటల జాబితా ఇచ్చారు. ప్రెసిడెంట్ థియోడోర్ రూజ్‌వెల్ట్ ఆగస్టులో సర్కారు ప్రెస్సుకు ఆర్డర్ వేశాడు, ఇకనుంచి ఇట్లాగే అచ్చువేయాలని. పత్రికలు ఆడిపోసుకున్నాయి. డిసెంబరుకల్లా ప్రతినిధుల సభ కాదంది, ఆయన వెనక్కి తీసుకున్నాడు. అమెరికా ప్రెసిడెంట్ చేతనే కాలేదు. షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1934లో మొదలుపెట్టి దో, త్రూ లాంటి మాటలను కుదించి రాసింది. 1975లో అదీ మానుకుంది.

మానేరు తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. టర్కీకి ఒక సర్కారు ఉంది, ఆ సర్కారు చేతిలో బడులున్నాయి, అప్పటికి దేశంలో చదవను వచ్చినవాళ్లు తక్కువ. ఇంగ్లిష్‌కు యజమాని ఎవరు? లండన్ మారిస్తే వాషింగ్టన్ వినదు, వాషింగ్టన్ మారిస్తే ఢిల్లీ, లాగోస్, సిడ్నీ వినవు. ఎవరి మాటా చెల్లని చోట పాతదే చెల్లుతుంది.

మంచిర్యాల_అమ్మ

సార్, మా పాప 'వెడ్-నెస్-డే' అని, 'నై-ఫ్ ముందు కే' అని పాట లాగా పాడుకుని నేర్చుకుంటుంది. దానికి ఇంత కథ ఉందని చెప్తాను ఇవ్వాళ.

హన్మకొండ_పలుకు

పాతసార్ అసలు ముడి దాకా వచ్చి ఆగారు. నాకు అక్కడి నుంచే మొదలుపెట్టాలని ఉంది.

'పలికినట్టు రాద్దాం' అంటున్నారు. ఎవరు పలికినట్టు? ఈ ప్రశ్న ఓరుగల్లు వాళ్లకు కొత్తదా? కాళోజీ జీవితమంతా పోట్లాడింది దీని మీదే కదా. కొన్ని జిల్లాల పలుకు పుస్తకాలకెక్కి ప్రమాణమైపోతే, మిగతావాళ్ల పలుకు తప్పుల లెక్కలో పడింది. మనం ఇంట్లో 'వచ్చిండు' అంటాం, బడిలో 'వచ్చాడు' అని రాస్తాం. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే మనం, ప్రపంచమంతటి మీదా ఒకే ఊరి పలుకు రుద్దే స్పెల్లింగును ఎట్లా కోరుకుంటాం?

లెక్క వేసి చూడండి. లండన్‌లో చదువుకున్నవాళ్ల పలుకులో కార్ చివర ఆర్ వినపడదు. వాళ్ల నోట్లో సాస్, సోర్స్ ఒకటే. కోర్ట్‌కూ, క్యాచ్‌కు భూతకాలమైన కాట్‌కూ తేడా లేదు. వాళ్లు పలికినట్టు స్పెల్లింగు మారిస్తే ఆ ఆర్‌లన్నీ ఎగిరిపోతాయి. మనం మాత్రం ఆర్ గట్టిగా పలుకుతాం. స్కాట్లాండ్ వాళ్లూ, ఐర్లండ్ వాళ్లూ, అమెరికాలో ఎక్కువమందీ పలుకుతారు. అంటే ఈ పాత స్పెల్లింగు ఆర్ విషయంలో లండన్ కంటే మన నోటికే దగ్గర. అది తీసేస్తే నష్టపోయేది మనమే. అమెరికా పలుకు తీసుకుందామంటే వాళ్లకు రైటర్, రైడర్ రెండూ దాదాపు ఒకేలా వినపడతాయి. అప్పుడు టీ-డీల తేడా పోతుంది.

ఎవరి నోటికీ పూర్తిగా సరిపడని స్పెల్లింగు కాబట్టే అది అందరికీ పనికొస్తోంది. హన్మకొండ వాడు రాసిన ఉత్తరం డబ్లిన్ వాడు చదువుతున్నాడు, ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకుంటే మొదటి పది నిమిషాలు తంటాలు పడతారు.

ఇంకో మాట. స్పెల్లింగు ధ్వనిని మాత్రమే చూపదు, చుట్టరికాన్ని కూడా చూపుతుంది. సైన్‌లో జీ పలకదు, సిగ్నేచర్‌లో పలుకుతుంది. టూ అనే అంకెలో డబ్ల్యూ ఎందుకంటే ట్వెల్వ్, ట్వెంటీ, ట్వైస్ దాని బంధువులు కాబట్టి. జరిగిపోయిన కాలానికి ఇ-డి చేరుస్తాం. అది వాక్డ్‌లో ట్ అని, ప్లేడ్‌లో డ్ అని, వాంటెడ్‌లో ఇడ్ అని వినపడుతుంది. పలికినట్టు రాస్తే ఒక్క నియమం మూడవుతుంది. నేర్చుకునే పరాయివాడికి ఏది సులువు?

మానేరు_గట్టు

అన్నా, సైన్-సిగ్నేచర్ వాదన ఒప్పుకుంటాను. కానీ డెట్‌లో బీకి, ఐలాండ్‌లో ఎస్‌కి ఏ చుట్టరికం కాపాడాలి? వాటిని తీసేయడానికి లండన్, అమెరికా పేచీ కూడా ఉండదు. ఎవరూ పలకని అక్షరాలవి. అట్లాంటివి ఓ మూడు నాలుగు వందలు తీసేసినా పిల్లలకు ఎంత బరువు తగ్గుతుంది! వాట్సాప్‌లో మనం ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకుంటాం. వచ్చాడు అనడానికి ఒకరు ఒక సి పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు, ఎ ఒకటా రెండా అన్నది ఎవరిష్టం వాళ్లది. నిఘంటువు లేదు, నియమం లేదు, అయినా అమ్మమ్మ దగ్గర్నుంచి మనవడి దాకా చదివేస్తున్నారు. అంటే చదివే మనిషి మెదడు అంత పెళుసు కాదు. ఒక అక్షరం అటూ ఇటూ అయితే అర్థం పోతుందన్నది భయం మాత్రమే.

కాజీపేట_జంక్షన్

ఇది మాత్రం కరెక్ట్ తమ్ముడూ. మా కుటుంబం గ్రూపులో రోజూ చూస్తున్నదే.

జగిత్యాల_అన్న

గల్ఫ్ నుంచి రాస్తున్నాను. విమానాల మెయింటెనెన్స్ హ్యాంగర్‌లో మెకానిక్‌ని. స్పెల్లింగు సంగతి నాకంత తెలియదు గానీ, సులువు చేసిన ఇంగ్లిష్ ఎట్లా ఉంటుందో రోజూ చేత్తో పట్టుకుంటాను.

మా మాన్యువల్స్ రాసే భాషకు సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని పేరు. ఇంగ్లిష్ సొంత భాష కాని మెకానిక్‌లకు అర్థమయ్యేట్టు రాయాలని 1970ల చివర్లో యూరప్ విమాన సంస్థలు అడిగితే పని మొదలైంది, 1986లో మొదటి పుస్తకం వచ్చింది. సాధారణ మాటలు దాదాపు 900 మాత్రమే వాడాలి, వాటికి తోడు విమానం భాగాల పేర్లు. ఒక మాటకు ఒకటే అర్థం. క్లోజ్ అంటే మూయడం మాత్రమే, దగ్గర అనే అర్థంలో వాడొద్దు, దానికి నియర్ ఉంది. టెస్ట్‌ను క్రియగా రాయొద్దు, 'టెస్ట్ చెయ్యి' అన్నట్టు రాయాలి. మనం తెలుగులో అనేది అట్లాగే కదా. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటొద్దు, ఒక్కో వాక్యానికి ఒక్కో పని.

నేను పదో తరగతి తెలుగు మీడియం, తర్వాత ఐటీఐ. ఇక్కడ నా పక్కన ఈజిప్టు ఆయన, ఫిలిప్పీన్స్ ఆయన, కేరళ ఆయన పనిచేస్తారు. హైడ్రాలిక్ లైను విప్పే ముందు నలుగురం ఒకే పేజీ చూస్తాం, నలుగురికీ ఒకటే అర్థమవుతుంది. ఆ మాన్యువల్‌లో స్పెల్లింగు ఏమీ మార్చలేదు, గమనించండి. మాటలు తగ్గించారు, వాక్యం చిన్నది చేశారు, రెండర్థాలు తీసేశారు. నేర్చుకునేవాడికి కావలసింది అదే.

పలుకు విషయంలో కూడా ఒకటి చెప్తాను. పైలట్లు, కంట్రోల్ టవర్ వాళ్లు రేడియోలో త్రీ అనాల్సిన చోట 'ట్రీ' అనాలి. థౌజండ్‌ను 'టౌజండ్' అనాలి. ఫైవ్ 'ఫైఫ్', నైన్ 'నైనర్'. ఇది అంతర్జాతీయ నియమం. టీ-హెచ్ ధ్వని చాలా దేశాల వాళ్ల నోటికి కష్టం, రేడియో గరగరలో సరిగ్గా వినపడదు కూడా. బడిలో మనల్ని తప్పని కొట్టిన పలుకు ఆకాశంలో రూలు.

ఇదంతా ఊరికే రాలేదు. 1977లో స్పెయిన్ వాళ్ల టెనెరిఫే ద్వీపంలో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం నుంచి 'టేకాఫ్ దగ్గర ఉన్నాం' అన్న అర్థం వచ్చేట్టు ఒక వాక్యం చెప్పారు. ఎగరడానికి సిద్ధంగా ఉన్నారని టవర్ అనుకుంది, వాళ్లు అప్పటికే పరుగు మొదలుపెట్టారు. ఆ తర్వాత టేకాఫ్ అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప వాడకూడదని పద్ధతి పెట్టారు. 1996లో మన హర్యానాలో చర్ఖీ దాద్రీ పైన రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. కజకిస్తాన్ సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడం అందులో ఒక కారణంగా బయటపడింది. 2008 నుంచి అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లిష్ పరీక్ష తప్పనిసరి. అందులో చూసేది స్పెల్లింగు కాదు. అర్థమవుతోందా, అర్థం కానప్పుడు తిరిగి అడగగలుగుతున్నాడా అని చూస్తారు.

మంచిర్యాల_అమ్మ

అన్నా, మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను. జాగ్రత్తగా ఉండండి అక్కడ.

నిర్మల్_స్పోకెన్

స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతాను నిర్మల్‌లో. స్పెల్లింగు కంటే గ్రామరు దగ్గరే మనవాళ్ల నోరు మూసుకుపోతుంది. మా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలకు మాటలు తెలుసు. వాక్యం మొదలుపెట్టి, 'గో'నా 'గోస్'ఆ అని ఆలోచిస్తూ ఆగిపోతారు. ఆ టెన్షన్‌లో మొత్తం వాక్యమే మింగేస్తారు.

మన తెలుగులో క్రియ చివర చూడండి: చేశాను, చేశావు, చేశాడు, చేసింది, చేశారు. చేసినవాళ్లెవరో క్రియే చెప్పేస్తుంది, అందుకే 'నేను' అనకపోయినా నడుస్తుంది. పాత ఇంగ్లిష్‌లోనూ ఇట్లాంటి ప్రత్యయాలు చాలా ఉండేవి, పేర్లకు లింగాలుండేవి, విభక్తులుండేవి. వెయ్యేళ్లలో దాదాపు అన్నీ రాలిపోయాయి. వర్తమాన కాలంలో మిగిలింది ఆ ఒక్క ఎస్. అది చెప్పే కొత్త సంగతేమీ లేదు, ముందున్న హీ, షీ ఎట్లాగూ చెప్పేశాయి. ఇంగ్లండ్‌లోనే తూర్పున ఈస్ట్ ఆంగ్లియా ప్రాంతంలో 'హీ గో' అనే మాట్లాడతారు.

జెన్నిఫర్ జెంకిన్స్ అనే పరిశోధకురాలు 2000లో ఒక లెక్క తేల్చింది. ఇంగ్లిష్ సొంతభాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు ఏ పలుకు తేడా వల్ల నిజంగా అర్థం చెడుతోందో విని రాసుకుంది. టీ-హెచ్ సరిగా పలక్కపోతే నష్టం లేదని తేలింది. అచ్చు పొట్టిదా పొడుగుదా అన్నది తప్పితే మాత్రం చెడుతుంది. షిప్, షీప్ లాంటివి. హ్రస్వం, దీర్ఘం తేడా మన తెలుగు పిల్లలకు ఉగ్గుపాలతోనే వస్తుంది! మనకున్న ఈ బలం మనకెవరూ చెప్పరు, లేని టీ-హెచ్ కోసం నెలలు ఖర్చు పెట్టిస్తారు.

ఆ ఎస్, ఎ, ద అనే ఆర్టికల్స్ రెండూ తప్పుల లెక్కలోంచి తీసేస్తే మనవాళ్లు సగంమంది రేపటి నుంచే మాట్లాడతారు. తెలుగులో ఆర్టికల్స్ లేవు. రష్యా, చైనా, జపాన్ వాళ్ల భాషల్లోనూ లేవు.

ఓరుగల్లు_పాతసార్

నిర్మల్ తమ్ముడూ, మాట్లాడే దగ్గర ఒప్పుకుంటాను. అయితే కుదించిన ఇంగ్లిష్ తయారుచేసినవాళ్ల అనుభవం ఒకటి గుర్తుంచుకోవాలి. 1930లో సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో బేసిక్ ఇంగ్లిష్ అని ఒకటి తెచ్చాడు. అందులో క్రియలు 18 మాత్రమే. 1943లో చర్చిల్ దాన్ని మెచ్చుకుని ప్రపంచమంతా నేర్పుదామన్నాడు. వినడానికి బాగుంది. కానీ క్రియలు తగ్గించేసరికి ఉన్నవాటికి అప్, ఆఫ్, ఓవర్, విత్ తగిలించక తప్పలేదు. టాలరేట్ అని ఒక మాట నేర్చుకుంటే అయిపోయేదానికి పుట్ అప్ విత్ అనాలి. మూడు మాటలూ మన పిల్లకు తెలుసు, కలిపితే అర్థం మాత్రం తెలియదు. సొంతభాష వాళ్లకు చిన్న మాటలు సులువు, మనకు ఒక్కోసారి పెద్ద మాటే సులువు. కాబట్టి మాటల సంఖ్య ఒక్కటే చూసి సులువని చెప్పలేం.

బాగా నడిచినవీ ఉన్నాయి. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లో స్పెషల్ ఇంగ్లిష్ మొదలుపెట్టింది. దాదాపు 1,500 మాటలు, చిన్న వాక్యాలు, నిదానంగా చదవడం. షార్ట్‌వేవ్‌లో విని వార్తలు అర్థం చేసుకోవడం నేర్చుకున్న నా విద్యార్థులున్నారు. మన ఉపఖండంలోనే, ఢాకాలో పిల్లలకు చెప్పిన మైకేల్ వెస్ట్, పల్లెటూరి పిల్లవాడికి ముందు ఏ మాటలు కావాలన్నది ఏళ్ల తరబడి చూశాడు. 1953లో ఆయన ఇచ్చిన దాదాపు 2,000 మాటల జాబితా చాలాకాలం పాఠ్యపుస్తకాలకు ఆధారమైంది. ఆయన ఏ స్పెల్లింగూ మార్చలేదు, ఏది ముందు, ఏది తర్వాత అన్నది మార్చాడు.

తాడ్వాయి_బిడ్డ

ఇంతసేపు చదివాను. ఒక మాట గట్టిగానే చెప్పాలి, ఎవరూ వేరేగా అనుకోవద్దు.

తాడ్వాయి సర్కారు బడిలో చదివే పిల్లలకు సులువు ఇంగ్లిష్, హన్మకొండలో లక్షల ఫీజు కట్టే పిల్లలకు అసలు ఇంగ్లిష్ అయితే, రేపు ఉద్యోగం ఇచ్చే బల్ల ముందు ఇద్దరూ ఒకేచోట కూర్చోవాలి. అక్కడ ఎస్ మర్చిపోయిన పిల్లనే పక్కకు జరుపుతారు. ఎఫ్‌తో మొదలైన ఫోటోసింథసిస్ చూసి సర్టిఫికెట్లు కూడా తెరవరు. రూలు మార్చే అధికారం మన చేతిలో లేనప్పుడు, మన పిల్లలను రూలు తెలియకుండా పెంచడం వాళ్లకు అన్యాయం. నేను ములుగు అడవి పక్క ఊరి నుంచి వచ్చి ఇప్పుడు ఆఫీసులో ఇంగ్లిష్‌లో నోట్స్ రాస్తున్నానంటే, మా సార్ నాకు ఏదీ తగ్గించి ఇవ్వకపోవడం వల్లే. ప్రతి కామా దగ్గర ఆగి చెప్పేవారు. అదే గౌరవం ఇవ్వాళ్టి పిల్లలకు కూడా కావాలి.

ఓరుగల్లు_పాతసార్

అమ్మా, మీరన్నదానికి ఇంగ్లండ్‌లోనే సాక్ష్యం ఉంది. 1961 నుంచి అక్కడి బడుల్లో జేమ్స్ పిట్‌మన్ తయారుచేసిన 40కి పైగా అక్షరాల కొత్త లిపితో చిన్నపిల్లలకు చదవడం నేర్పారు. ఒక్కో ధ్వనికి ఒక్కో అక్షరం. పిల్లలు చకచకా చదివారు, కథలు రాశారు. తర్వాత మామూలు స్పెల్లింగుకు మారాల్సి వచ్చేసరికి చాలామంది తడబడ్డారు. నేర్చుకున్నది మరిచి మళ్లీ నేర్చుకోవాలి కదా. 1970లు గడిచేసరికి ఆ పద్ధతి దాదాపు కనుమరుగైంది. తాత్కాలికంగా సులువు చేసి ఇచ్చిన స్పెల్లింగు పిల్లలకు రెండో భారం అవుతుంది. ఈ విషయంలో నేను మీ పక్షమే.

నిర్మల్_స్పోకెన్

తాడ్వాయి అక్కా, నేర్పొద్దనడం లేదు. మీ సార్ లాంటివారు దొరికిన పిల్ల అదృష్టవంతురాలు. దొరకని వందమంది మొదటి తప్పుకే నోరు మూసుకుంటున్నారు. వాళ్లు ముందు మాట్లాడాలి, ఎస్ తర్వాత వస్తుంది. ఈ వరుస దగ్గర నేను వెనక్కి తగ్గను.

తాడ్వాయి_బిడ్డ

తర్వాత వస్తుందని వదిలేసినది మా ఊళ్లలో రానే రాదు తమ్ముడూ. నేనూ తగ్గను.

పరకాల_టీచర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. తాడ్వాయి చెల్లి మాట నాకు బాగా తగిలింది, ఆమె అన్నది నిజం. జగిత్యాల అన్న మాట కూడా నిజం. రెండూ కలిపి ఆలోచిస్తే నాకొకటి స్పష్టంగా కనిపిస్తోంది.

ఎవరి చేతిలోనూ లేని స్పెల్లింగు కోసం ఎదురుచూడను. నా చేతిలో ఉన్నవి రెండు. ఒకటి, మా బడిలో పెట్టే పరీక్షల్లో సైన్సు మార్కు సైన్సుకే. ఆకు ఏం చేస్తుందో రాసిన పిల్లకు ఆ మార్కు మొత్తం పడాలి. స్పెల్లింగు తప్పును వదలను. పక్కన పెన్సిల్‌తో సరైనది రాసి, ఆమె చేత మళ్లీ రాయిస్తాను, దాని లెక్క వేరే ఉంటుంది. ఇంగ్లిష్ పేపరులో ఇంగ్లిష్ సార్ స్పెల్లింగుకు మార్కు కోస్తే అది ఆయన పాఠం, అందులో నాకు అభ్యంతరం లేదు. మండలంలో మిగతా సైన్సు టీచర్లతో కూడా మాట్లాడతాను. బయటి పరీక్ష పెట్టినవాళ్లకు ఆ అమ్మాయి పేపరు జిరాక్స్ పెట్టి, సైన్సుకు మార్కులు ఎందుకు కోశారో అడుగుతూ ఉత్తరం రాస్తున్నాను.

రెండోది, మేము స్పెల్లింగులు ఒక్కొక్కటీ విడిగా బట్టీ పట్టిస్తున్నాం. పాతసార్, హన్మకొండ గారు చెప్పిన చుట్టరికాలు చూశాక, అవి గుంపులుగా చెప్పొచ్చనిపించింది. పి-హెచ్ ఉన్న సైన్సు మాటలు దాదాపు అన్నీ గ్రీకు నుంచి వచ్చాయని చెప్పి ఫోటో, ఫోన్, గ్రాఫ్, ఫాస్ఫరస్, ఫిజిక్స్ ఒకచోట రాయిస్తే, మా అమ్మాయి ఇంకెప్పుడూ ఎఫ్ పెట్టదు. సింథసిస్‌లో సిన్ అంటే కలిపి అని ఒకసారి చెప్తే సింథటిక్ కూడా వచ్చేస్తుంది. అది ప్లాస్టిక్స్ పాఠంలో ఎట్లాగూ ఉంది. సార్, ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్సు మాటలకు ఇట్లా గుంపులు చేసి ఇవ్వగలరా?

మానేరు_గట్టు

మేడమ్, రెండు తరగతుల పుస్తకాల్లోని మాటలన్నీ తీసి, ఎన్నిసార్లు వచ్చాయో వరుస పెట్టి సార్‌కు నేను పంపిస్తాను. ప్రోగ్రామ్ రాస్తే ఒక సాయంత్రం పని. డెట్‌లో బీ మీద నా కోపం మాత్రం అట్లాగే ఉంది.

ఓరుగల్లు_పాతసార్

పంపు తమ్ముడూ. తొమ్మిదోది ముందు పంపు, వాళ్లకు టైమ్ తక్కువ. ఇ-ఎస్-ఐ-ఎస్‌తో, ఓ-ఎస్-ఐ-ఎస్‌తో ముగిసేవి ఒక గుంపు, ఎ-ఎల్-వై-ఎస్-ఐ-ఎస్ దగ్గర వై వస్తుంది కాబట్టి దాన్ని వేరే పెడదాం. టీ-ఐ-ఓ-ఎన్ మాటలు సైన్సులో చాలా ఉంటాయి, అవి ఒక్క రోజు పాఠం. మూగ అక్షరాలున్నవి చివర, ఒక్కోదాని కథ ఒక్క ముక్కలో రాసి ఇస్తాను. టీచరమ్మా, మీ పిల్లలు ఎక్కువగా తప్పే మాటలు ఒక ఇరవై ఈ రాత్రికి ఇక్కడే రాయండి, వాటితో మొదలుపెడతాను.

పరకాల_టీచర్

రాస్తున్నాను సార్. మొదటివి ఇవి: టెంపరేచర్, క్రోమోజోమ్, న్యూక్లియస్, రెస్పిరేషన్, డయాఫ్రమ్, మజిల్, ఆసిడ్, ఫ్రిక్షన్. మిగతావి ఆన్సర్ పేపర్లు చూసి పది గంటలకల్లా పెడతాను.